పల్లకీ దిగండి సారూ!

ఆషాఢంలో అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదంటారు. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదంటారు. పెళ్ళిళ్ళు వద్దంటారు, గృహప్రవేశాలు వద్దంటారు. ఇన్ని వద్దులు చెప్పిన పెద్దలెవరూ బోయిగూడలో కాపురం చేసి ఉండరు. చేసి ఉంటే ఇంకో ముక్క కూడా చెప్పి పోయేవారు: లష్కర్ బోనాల ఆదివారం నాడు పెద్ద కారున్న చుట్టం ఎవడూ సికింద్రాబాద్ గడప తొక్కరాదు.

ఏడాది పొడుగునా నేను చుట్టాల లెక్కలో ఉండను. ఇంటికి రమ్మంటే "స్టేషన్ వెనకాలా? అమ్మో, ఆ గల్లీల కారు తిరగదు బావా" అంటారు. నిజమే. కట్టెల అడితీలు, తుక్కు గోదాములు, దుంగలు దించే లారీలు, వాటి మధ్య మేము. ఆషాఢం వచ్చిందంటే మాత్రం ఫోన్లు మొదలు.

"బావా, మీ ఇంటికాడి నుంచి మహంకాళమ్మ గుడి ఎంత దూరం ఉంటది?"

"రెండు కిలోమీటర్లు."

"అట్లైతే కారు మీ ఇంటి ముంగట పెట్టి నడిచి పోవచ్చు!"

దూరం అడిగింది దర్శనం కోసం అనుకున్నాను. పార్కింగ్ కోసమట. వానలు పడగానే గల్లీలో గుంతలు తేలినట్టు, ఆషాఢం రాగానే నాకు చుట్టాలు తేలతారు. పోయినసారి ఒక్క ఇంట్లో పదిహేడు మంది దిగారు. మాకున్నది ఒకటే బాత్రూమ్. పొద్దున నాలుగు గంటలకే దానికీ క్యూ లైను పడింది. అక్కడ కూడా మా అత్తగారిది వీఐపీ దర్శనం, నాది ధర్మదర్శనం.

పండగకు ముందు పేపర్లో ఏటా ఒక ప్రకటన వస్తుంది. టొబాకో బజార్, హిల్ స్ట్రీట్, జనరల్ బజార్, సుభాష్ రోడ్డు అని గుడి చుట్టూ మూసేసే దారులన్నీ వరసగా చెబుతారు. కింద ఇంకో సలహా ఉంటుంది: రైలెక్కేవాళ్ళు ముందుగా బయల్దేరండి, చిలకలగూడ వైపు నుంచి పదో నంబరు ప్లాట్‌ఫారం మీదికి చేరండి. పదో నంబరు అంటే మా వైపు. సికింద్రాబాద్ స్టేషన్ 1874 నాటిది. నూటయాభై ఏళ్ళుగా దాని ముఖం అటు, వీపు ఇటు. ఇప్పుడా ముఖం కాస్తా కూల్చి కొత్తది కడుతున్నారు. ముఖం లేని మనిషికి వీపే దిక్కు. పండగనాడు రైలెక్కేవాళ్ళు, రైలు దిగేవాళ్ళు, రైలు తప్పినవాళ్ళు, గుడికి పోయేవాళ్ళు, దారి తప్పి గుడి అనుకుని మా అపార్ట్‌మెంట్‌లోకి వచ్చేవాళ్ళు, అందరూ మా వీపు మీదే.

మోయడం మాకు కొత్తకాదు. ఊరి పేరు విప్పి చూడండి. బోయీల గూడెం. బోయీలంటే పల్లకీలు, డోలీలు మోసేవాళ్ళు. కాబట్టి ఈ మోత సంగతి కాస్త వివరంగా చెప్పే హక్కు మాకుంది.

బోనాలకు వచ్చేవాళ్ళలో మొదటి రకం వాళ్ళను వచ్చినవాళ్ళు అనడమే తప్పు. బన్సీలాల్‌పేట నుంచి, కవాడిగూడ నుంచి, ముషీరాబాద్ నుంచి, మొండా గల్లీల నుంచి తెల్లారకముందే చెప్పుల్లేకుండా నడిచే ఆడవాళ్ళు. నెత్తిమీద పసుపు కుంకుమలు పెట్టిన కుండ, దానికి వేపమండలు, పైన దీపం. లోపల పాలు, బెల్లం పోసి వండిన అన్నం. బోనం అంటే భోజనమే. అమ్మకు అన్నం తీసుకుపోతున్న బిడ్డలు వాళ్ళు. పండగ ఎవరిదని అడిగితే చూపించాల్సింది వీళ్ళనే. వీళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వీళ్ళను దాటుకుని ముందుకు పోయే మిగతా రకాల మీదే నా ఏడుపు.

రెండో రకం కెమెరా భక్తులు. వీళ్ళు ఫోన్‌లో దీపం వెలిగించి హారతి పడతారు. ఎండలో నడిచి నడిచి, మెడ నిగడదన్ని బోనం మోస్తున్న ఆడమనిషిని ఆపి "అక్కా, ఒక్కసారి ఎనక్కి పోయి మళ్ళ రారా, ఎండ మీది నుంచి పడ్డది" అంటారు. రెండు గంటల్లో పది అడుగులు ముందుకు జరిగిన మనిషిని నాలుగడుగులు వెనక్కి పొమ్మంటున్నాడని వాడికి తెలియదు. పోతరాజును చూస్తే ఇంకా రెచ్చిపోతారు. ఏడుగురు అక్కచెల్లెళ్ళ తమ్ముడు, అమ్మవారి కావలివాడు. ఒళ్ళంతా పసుపు, కాళ్ళకు గజ్జెలు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా. తాతల నాటి నుంచి ఆయన ఎదురొస్తే దయ్యాలు కూడా పక్కకు జరిగేవి. ఇప్పుడు మూడు కాళ్ళ ట్రైపాడ్ ఒకటి జరగనంటుంది. "అన్నా, కొరడా మెల్లగ తిప్పు, స్లో మోషన్ల మంచిగొస్తది!" పోతరాజు గుడ్లురిమి చూశాడు. వాడు దానికి కూడా లైకులు తెచ్చుకున్నాడు.

మూడో రకం మనుషులు కారు, ఫ్లెక్సీలు. చిలకలగూడ చౌరస్తా దగ్గర నిలబడి తలెత్తితే ఆకాశం కనబడదు, అన్నలు కనబడతారు. అమ్మవారి ముఖం అరచేయంత, అన్నగారి ముఖం గుమ్మడికాయంత. దాని చుట్టూ తమ్ముళ్ళ ముఖాలు వడియాలు ఆరబెట్టినట్టు వరసగా. కింద "బోనాలకు విచ్చేయుచున్న అమ్మవారికి స్వాగతం సుస్వాగతం". ఎవరింటికి ఎవరు స్వాగతం చెబుతున్నట్టు? రెండు వందల ఏళ్ళ కింద వచ్చి కూర్చున్న తల్లికి, నిన్న కాక మొన్న పార్టీ మారినాయన స్వాగతం చెబుతున్నాడు. అమ్మ ఓర్పుగల తల్లి కాబట్టి సరిపోయింది.

నాలుగో రకం అసలు సరుకు. సైరన్‌తో వస్తారు. ప్రభుత్వం తరఫున తెచ్చేవి పట్టువస్త్రాలు, వెనక వచ్చేవాళ్ళు తెచ్చేది పట్టుదల, ఎట్లాగైనా ముందు వరసలో ఫొటోలో పడాలని. మంత్రి వెంట ఎమ్మెల్యే, ఎమ్మెల్యే వెంట కార్పొరేటర్, కార్పొరేటర్ వెంట బావమరిది, బావమరిది వెంట అతని జిమ్ దోస్తులు. వాళ్ళు లోపల ఉన్నంతసేపూ బయట బోనాల లైను బొమ్మల కొలువులా నిలబడిపోతుంది. కుండ మీద దీపంలో నూనె అయిపోతుంది. నిలబడ్డ అమ్మలు కొంగుచాటు సీసా తీసి మళ్ళీ నూనె పోసుకుంటారు. గుడి లోపల ఒక్కసారి వెలగాల్సిన దీపం దారిలోనే మూడుసార్లు వెలుగుతుంది.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పక తప్పదు.

ఈ ఊరు దండు దిగిన చోటు. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకుంది. లష్కర్ అంటే సైన్యం. ఆ సైన్యంలో సురిటి అప్పయ్య అనే డోలీ మోసే మనిషి ఉండేవాడు. దొర కాదు, జమీందారు కాదు, ఎవరికీ బావమరిది కూడా కాదు. 1813లో ఆయన దళాన్ని ఉజ్జయినికి పంపారు. అదే కాలంలో ఇక్కడ మహమ్మారి పడి జనం పిట్టల్లా రాలిపోతున్నారని కబురందింది. అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు: మా ఊళ్ళో ఈ పీడ పోతే నిన్ను మా ఊరికి తీసుకుపోయి నిలబెడతా అని. తగ్గింది. 1815లో తిరిగొచ్చి, కట్టె విగ్రహం ఒకటి నిలబెట్టి, మాట నిలబెట్టుకున్నాడు. ఆ కట్టె విగ్రహం చోట రాతి విగ్రహం వచ్చింది 1864లో. అంటే లష్కర్ బోనాలకు మూలపురుషుడు ఒక మోతగాడు. భుజాన మనుషుల్ని మోసి మోసి, చివరికి ఊరి మొత్తం ప్రాణాన్ని మొక్కు రూపంలో మోసుకొచ్చినవాడు.

ఆ అప్పయ్య ఈ ఏడు బోనాల ఆదివారం నాడు కట్టె విగ్రహం నెత్తిన పెట్టుకుని ఉజ్జయిని రైలు దిగాడనుకోండి. పదో నంబరు ప్లాట్‌ఫారం మీద దిగి, మా గల్లీ గుండా నడుచుకుంటూ బారికేడ్ దాకా చేరాడు.

"ఏయ్, ఎటు పోతున్నవ్?"

"గుడికి సారూ."

"పాస్ ఉందా?"

"పాసంటే?"

"నెత్తిమీద ఏంది అది?"

"అమ్మవారు సారూ."

"లగేజీ లోపలికి నడవది. క్లోక్‌రూంల పెట్టి రా."

"ఈమె కోసమే గుడి కట్టాలె సారూ. మొక్కుకున్న."

"గుడి ఎప్పుడో కట్టిండ్రు. లేటొచ్చినవ్ నువ్వు. ఎవరి తాలూకు?"

"ఉజ్జయిని తల్లి తాలూకు."

"అట్ల కాదు. ఎమ్మెల్యే తాలూకా, కార్పొరేటర్ తాలూకా? లెటర్ ఉందా?"

"లేదు సారూ. నేను డోలీలు మోసేటోణ్ణి."

బారికేడ్ మనిషి ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది.

"మోసేటోడివా? ముందుగాల చెప్పొద్దా మరి! జల్ది రా. సారు కారు దిగి గుడి దాకా నడవలేకపోతున్నడు. ఇటు పట్టు."

అంతే. రెండు వందల ఏళ్ళ తర్వాత అప్పయ్యకు మళ్ళీ పాత కొలువే దొరికింది.

2014లో రాష్ట్రం వచ్చింది, బోనాలు రాష్ట్ర పండగ అయ్యాయి. ఆ రోజు మా గల్లీలో డప్పు కొట్టి తీన్మార్ ఆడినవాళ్ళలో నేనూ ఉన్నాను. కల్లు సాక, వేపమండ, శివసత్తుల పూనకం చూసి మొహం పక్కకు తిప్పుకున్నవాళ్ళంతా ఇక తలొంచి దండం పెట్టాల్సిందే కదా అని సంబరపడ్డాం. మాకు అర్థం కాని ముక్క ఒకటుంది. పెద్దింటి సంబంధం వచ్చిందని మురిసిన పేద తండ్రి, పెళ్ళిపందిట్లో తనకే కుర్చీ లేదని గ్రహించేసరికి భోజనాలు అయిపోతాయి.

2018లో ప్రభుత్వం తరఫున బంగారు బోనం ఎత్తారు. కిలోల బంగారం. సంతోషం. మా మట్టికుండ పక్కన ఆ కుండను చూసి మేమూ నోరు వెళ్ళబెట్టాం. మర్నాడు సోమవారం రంగం. అమ్మవారు పూనిన స్వర్ణలత పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే రోజు. వానలు పడతాయి, పంటలు పండుతాయి, మిమ్మల్ని చల్లగా చూస్తా అన్న మాట కోసం అందరూ చెవులు రిక్కించారు. ఆ ఏడు అమ్మ సంతోషపడలేదు. భక్తులు అవస్థ పడ్డారని, ఆడపడుచులు దుఃఖపడ్డారని మాట వచ్చింది. మరోసారి ఇట్లా జరగనివ్వం అని అక్కడున్న పెద్దలు సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది. లైన్లు సరిగా లేవన్న ఫిర్యాదు పేపర్లో రాస్తే పట్టించుకునేవాళ్ళు లేకపోతే, చివరికి అమ్మవారే నోరు తెరవాల్సి వచ్చింది. బంగారు కుండలోంచి రాని మాట పచ్చికుండ మీది నుంచి వచ్చింది.

ఇంత చదివి, వీడికి జనమంటే గిట్టదు, డప్పు వినబడితే తలనొప్పి అనుకుంటున్నారేమో. నేనూ అట్లాగే అనుకున్నాను, 2020 దాకా. ఆ ఏడు మహమ్మారి మళ్ళీ వచ్చింది. మహమ్మారి పుట్టించిన పండగను మహమ్మారే ఆపింది. గుడిలో పూజారులే పూజ చేశారు. ఎవరి బోనం వాళ్ళు ఇంట్లోనే చేసుకోండి అన్నారు. మా గల్లీలో ఒక్క కారు లేదు. బాత్రూమ్ దగ్గర లైను లేదు. ఒక్క చుట్టం ఫోన్ చేయలేదు. ఏళ్ళ తరబడి నేను గొణిగిన గొణుగుడంతా ఒక్కసారిగా వరమై కూర్చుంది.

మా అత్తగారు బోనం నెత్తికెత్తుకుని డాబా మీదికి ఎక్కింది. గుడి ఏ దిక్కున ఉందో చూసుకుని అటు తిరిగి నిలబడింది. ఎదురుగా రైల్వే తీగలు, మూసేసిన అడితీల రేకులు. ఎక్కడా డప్పు లేదు. చాలాసేపు అట్లాగే నిలబడి, దించుకుని, "తల్లీ, ఈసారికి ఇంతే" అంది. ఆ రోజు నాకు తెలిసింది, నా కొట్లాట జనంతో కాదని. పదిహేడు మంది చుట్టాలు రావచ్చు, బాత్రూమ్ ముందు పడిగాపులు కాయవచ్చు. లక్షల మంది వచ్చినా ఈ ఊరు మోస్తుంది. మోయలేనిది పదిమందిని. నడవమంటే నడవని పదిమందిని.

ఆ పదిమందికి మా గల్లీ దారి తెలియదని కూడా అనలేం. 2022 మార్చి 23 తెల్లవారుజామున మా బోయిగూడలో తుక్కు గోదాము ఒకటి అంటుకుంది. పైన పడుకున్న కూలీలు 11 మంది చనిపోయారు. బీహార్ నుంచి బతకడానికి వచ్చినవాళ్ళు. పొద్దెక్కేసరికి కాన్వాయ్‌లు వచ్చాయి. కారు తిరగదని ఆ రోజు ఎవరూ అనలేదు. విచారం ప్రకటించారు, పరిహారం ప్రకటించారు, మైకుల ముందు నిలబడి వెళ్ళారు. గుడికి మామూలు లైను ఉంటుంది, బోనాల లైను ఉంటుంది, వీఐపీల దారి ఉంటుంది, వీఐపీల కంటే పెద్దవాళ్ళకు ఇంకో దారి ఉంటుంది. ఆ 11 మంది పడుకున్న చోటికి రెండో దారి లేదు.

ఈ కాలపు బోయీలు వాళ్ళు. ఇనుప తుక్కు మోసినవాళ్ళు, ఖాళీ సీసాలు మోసినవాళ్ళు. ఈ ఊరిలో మోసేవాళ్ళ కులం మారుతుంది, భాష మారుతుంది, జిల్లా మారుతుంది, రాష్ట్రం మారుతుంది. ఎక్కి కూర్చునేవాళ్ళు మాత్రం మారరు. ఫలహారం బండ్లు వెళ్ళిపోయి, ఏనుగు అంబారీ ఊరేగింపు అయిపోయాక, అర్ధరాత్రి దాటిన వీధిని చూశారా ఎప్పుడైనా? తొక్కిన పూలు, నలిగిన విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు, తెగిన చెప్పులు. వాటన్నిటినీ ఎత్తేది నారింజ కోటు వేసుకున్న ఆడవాళ్ళు. వాళ్ళ ఇంటి బోనం ఎప్పుడు ఎత్తుకున్నారో వాళ్ళనే అడగాలి. వాళ్ళ ఫ్లెక్సీ ఏ చౌరస్తాలోనూ లేదు. పైగా అన్నగారి ఫ్లెక్సీ చిరిగి కిందపడితే మడిచి బండిలో వేసేది కూడా వాళ్ళే.

నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? రెండేళ్ళకోసారి జరిగే మేడారం జాతరకు పోయినప్పుడు ఒక కోయ ఇంటి వాకిట్లో చెప్పాపెట్టకుండా కారు ఆపాను. వాళ్ళ బోరు నీళ్ళు వాడుకుని, వాళ్ళకే బాత్రూమ్ సరిగా లేదని చెప్పి వచ్చాను. బంగారమని బెల్లం సమర్పించి, ఖాళీ కవరు అడవికి సమర్పించాను. తిరుపతి పోవాలంటే నేనూ సిఫారసు లెటర్ కోసం నలుగురి ఇళ్ళ చుట్టూ తిరిగినవాణ్ణే. ఆ లెటర్ చూపించి ముందుకు పోతున్నప్పుడు లైనులో నిలబడ్డ ముసలాయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు నాకది అసూయ అనిపించింది. లష్కర్‌లో బారికేడ్ వెనక నిలబడ్డాక గానీ అది అసూయ కాదని తెలియలేదు. మన ఊరు దాటితే మనమూ పల్లకీ ఎక్కేవాళ్ళమే.

గోల్కొండ కోటలో మొదలైన బోనాలు లష్కర్ చూసుకుని లాల్ దర్వాజాకు పోతాయి. మా చుట్టాలు కూడా మమ్మల్ని మరిచిపోయి లాల్ దర్వాజాలో ఎవరెవరు చుట్టాలున్నారో వెతుక్కుంటారు. వాళ్ళు అటు తిరిగేలోపు చెప్పుకోవాల్సింది ఒకటుంది.

రండి. పిల్లాపాపలతో రండి. మా ఇంట్లో నీళ్ళున్నాయి, చాయ్ ఉంది, బాత్రూమ్ ఒకటే ఉంది, సర్దుకుందాం. బోనం ఎత్తుకున్న ఆడమనిషి ఎదురొస్తే ఫోన్ జేబులో పెట్టి దారి ఇవ్వండి. కుర్చీలో ఉన్న పెద్దలు కూడా రండి, కాకపోతే ఆ ఆదివారం బోనాలన్నీ లోపలికి వెళ్ళేదాకా మీ సైరన్ ఆపుకోండి. పట్టువస్త్రాలు సాయంత్రం ఇచ్చినా అమ్మ పుచ్చుకుంటుంది. చల్లారిన అన్నం ఎత్తుకుని నిలబడ్డ బిడ్డను చూసి ఏ తల్లి కడుపూ నిండదు.

మా భుజాలు కాయలు కాచాయి, పల్లకీ దిగండి సారూ. బోయిగూడ నుంచి గుడికి కాలినడకన అరగంట. చెప్పులు మా గుమ్మం ముందు విడిచిపెట్టండి, తిరిగొచ్చేదాకా మేం చూసుకుంటాం. కారు మాత్రం ఇంటిదగ్గరే పెట్టి రండి.